బుర్గి చేయించిన రెండు వందల పద్దెనిమిది సంతకాలు

బుర్గి మా లెర్ఖెన్ లోయలో నలభై ఏళ్లుగా ఉత్తరాలు పంచుతోంది. అన్నేళ్లలో ఆమె కవరు మీద ఇంటి నంబరు చదివిన పాపాన పోలేదు. చదవాల్సిన అవసరం ఏముంది? ఈ కొండల్లో ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి. తండ్రి నుంచి వచ్చే ఇంటిపేరు సర్కారు కాగితాల కోసం. ఉంటున్న ఇంటిని బట్టి వచ్చే గడప పేరు బతకడం కోసం. ఇల్లు కొనుక్కున్నవాడికైనా, ఇల్లరికం వచ్చినవాడికైనా ఆ గడప పేరే అంటుకుంటుంది. ఫెర్డినాండ్ ప్లెస్‌నిట్సర్ ఎవరని అడిగితే ఇక్కడ అందరూ తల గోక్కుంటారు. ఎగ్‌బావర్ ఫెర్డి అంటే ఆవులు కూడా దారి చూపిస్తాయి.

ఎనిమిదేళ్ల కిందట పురపాలక సంఘం వారికి ఈ పద్ధతి నచ్చలేదు. అంబులెన్సుకు దారి తెలియాలట. పాత నంబర్లు తీసేసి కొండదారులకు వీధి పేర్లు పెట్టారు. ఆవులు తప్ప ఎవరూ నడవని బాటకు పువ్వు పేరు పెట్టి, ఎన్‌జియాన్ వీధి అని నీలిరంగు బోర్డు పాతారు. ఫెర్డి ఆ బోర్డుకు కొడవలి తగిలించుకుంటాడు.

నా సంగతి కూడా చెప్పాలి కదా. నేను గ్రాత్స్ నగరం నుంచి ఇరవయ్యారేళ్ల వయసులో బడిపంతులుగా వచ్చాను. ముప్పై నాలుగేళ్లు ఇక్కడి పిల్లలకు చదువు చెప్పి ఉద్యోగ విరమణ చేశాను. ఇప్పటికీ నన్ను కొత్తాయన అనేవాళ్లున్నారు. బుర్గి మాత్రం మాస్టారూ అంటుంది. ఆమె గురించి ఎవరూ రాయమనలేదు. కడుపు మండి రాస్తున్నాను.

ఆమె పొట్టి మనిషి. పిక్కలు మాత్రం పహిల్వాన్లకుండాల్సినవి. నవ్వితే లోయ అవతలికి వినిపిస్తుంది, కోప్పడినా అంతే. ఎనభై నాలుగు డిసెంబరులో డాన్యూబ్ ఒడ్డు అడవిని ముంచే ఆనకట్టను ఆపడానికి జనం గడ్డకట్టే చలిలో గుడారాలు వేసుకుని కూర్చున్నప్పుడు, ఇరవై రెండేళ్ల బుర్గి జ్వరమని సెలవు చీటీ పంపి రైలెక్కింది. రెండు కాలివేళ్లు మంచుకు మొద్దుబారాయి. ఆనకట్ట ఆగింది. ఊళ్లో దిగేసరికి, ఆమెను టీవీలో చూసినవాళ్లంతా "జ్వరం తగ్గిందా?" అని వరసపెట్టి పరామర్శించారు. ఉద్యోగం ఊడలేదు గానీ ఆ ఏడాది పెరగాల్సిన జీతం పెరగలేదు. అప్పటి నుంచి ప్రతి ఎన్నికలోనూ గ్రీన్ పార్టీకే ఓటు. పైగడపల్లో, అంటే కొండ మీది ఇళ్లలో, ఆ పార్టీకి పడే ఏకైక ఓటు ఎవరిదో లెక్కించేవాళ్లందరికీ తెలుసు.

అదే గుడారంలో పక్కన పడుకున్నవాడు గెర్నోట్. కింది పట్నం మనిషి. తర్వాత అదే పార్టీలో ఎదిగి రాష్ట్ర శాసనసభలో కూర్చున్నాడు. మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు తర్వాత తిట్టుకోవడం సులువు.

మూడేళ్ల కిందట ఒక కరెంటు కంపెనీ మా లోయకు పథకం తెచ్చింది. కొండమీద పచ్చిక బయలులో పెద్ద చెరువు కడతారు. కింద ఇంకో చెరువు. మధ్యలో కొండను తొలిచి సొరంగం. గాలిమరలు ఎక్కువ కరెంటు ఇచ్చినప్పుడు నీళ్లు పైకి ఎక్కిస్తారు, తక్కువైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. వినడానికి బాగానే ఉంది. కానీ పైగడపల్లో కొళాయి నీళ్లు లేవు. ఒక్కో ఇంటికి ఒక్కో ఊట, కొండ కడుపులోంచి గొట్టం ద్వారా తొట్టిలో పడుతుంది. మనుషులకూ ఆవులకూ అదే ఆధారం. కొండను తొలిస్తే ఆ ఊటలు ఎటు పోతాయి?

పథకం కాగితాలను ఆరు వారాలు జనం చూసేందుకు పెట్టారు. నలభై మూడు లావుపాటి ఫైళ్లు. పురపాలక కార్యాలయంలో, మంగళవారం ఉదయం, గురువారం ఉదయం. ఆ వేళల్లో లోయలో పని లేనివాడు నేనొక్కణ్ణే. బుర్గి తన వార్షిక సెలవు పెట్టుకుని వచ్చి కూర్చుంది. జనం క్రొయేషియా సముద్రతీరానికి పోయే సెలవులు ఆమె ఇరవై ఏడో నంబరు ఫైలుకు పెట్టింది. అందులో మా కొండ మీద ఊటలు తొమ్మిది అని రాసి ఉంది. "చెప్పుకోదగ్గ ప్రభావం ఉండదు" అని ఒక వాక్యం.

"తొమ్మిదా?" అని ఆమె అరిచిన అరుపుకు గుమస్తా కాఫీ ఒలకబోసుకున్నాడు. "మాస్టారూ, నేను దాహమేసి నోరు పెట్టి తాగినవే నలభై ఒకటి! వీళ్లు హెలికాప్టర్లోంచి లెక్కబెట్టారా?"

ఆదివారం చర్చి అయ్యాక జనం హోటల్లో చేరే వేళకు గెర్నోట్ వచ్చాడు, పథకం మంచిదని చెప్పడానికి. బుర్గి అతని ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"బుర్గీ, బొగ్గు మానాలి, గ్యాసు మానాలి. నువ్వూ నేనూ నలభై ఏళ్లుగా అదే మొత్తుకుంటున్నాం" అన్నాడు గెర్నోట్. "మరి గాలి మనం చెప్పినప్పుడు వీయదు గదా. ఆ కరెంటు ఎక్కడో దాచుకోవాలి. ఎక్కడ దాస్తాం, వియన్నా నడిబొడ్డులోనా?"

"దాచుకోండయ్యా, నేను వద్దన్నానా? ఊటలు సరిగ్గా లెక్కబెట్టి, ఎన్ని ఎండుతాయో కొలిచి చెప్పమంటున్నా. అంతే."

"నివేదిక నిపుణులు రాశారు."

"నిపుణులకు దాహమేసి ఉండదు."

"నువ్వు మొదట్నుంచీ ఆనకట్టంటేనే పడని మనిషివి" అన్నాడతను, కొంచెం విసుగ్గా.

"నువ్వు కాదేంట్రా? ఒకే దుప్పట్లో పడుకున్నాం గదా!"

హోటలంతా గొల్లుమంది. "చలికి! చలికి పడుకున్నాం!" అని గెర్నోట్ చేతులు ఊపుతుంటే నవ్వు ఇంకా పెరిగింది. అతని మొహం బీట్‌రూట్ ముక్కలా అయింది.

నవ్వులు తగ్గాక అతను నిజంగానే ఒక దారి చెప్పాడు. ఇక్కడి ఓటర్లు రెండు వందల మంది సంతకాలు పెడితే, ఆ బృందానికి విచారణలో కక్షిదారు హోదా వస్తుంది. అప్పుడు మీరు అడిగినదానికి కంపెనీ జవాబు చెప్పి తీరాలి, చెప్పకపోతే కోర్టుకెళ్లొచ్చు. "ఆ చట్టం కోసం మావాళ్లే కొట్లాడారు, బుర్గీ. వాడుకో. నేను పథకం వైపే ఉంటా, కానీ నీ ప్రశ్నకు అడ్డు రాను" అన్నాడు. ఆమె అతని భుజం మీద ఒక్కటి చరిచి, అతని ఆపిల్ సారా గ్లాసు తనే తాగేసింది.

అలా మొదలైంది. గడువుకు మిగిలింది మూడు వారాలు. జీతం తీసుకునే వేళలో ఆమె ఒక్క సంతకం కూడా అడగలేదు. పొద్దున్న సంచితో ఎక్కిన కొండనే మధ్యాహ్నం యూనిఫారం విప్పేసి మళ్లీ ఎక్కేది. "పొద్దున్నే వచ్చావుగా, అప్పుడే సంతకం తీసుకోవచ్చుగా?" అంటే, "అప్పుడు నేను సర్కారు మనిషిని" అనేది.

ఎగ్‌బావర్ ఇంటికి నేనూ వెళ్లాను. ఫెర్డికి డెబ్బై ఎనిమిది. పుట్టింది ఆ ఇంట్లోనే, ఆ వంటింటి పక్క గదిలోనే. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి నెమ్మదిగా రాశాడు: ఫెర్డి, ఎగ్‌బావర్. చిరునామా దగ్గర ఎగ్‌బావర్, 17. పుట్టిన తేదీ. సంతకం.

"దీంతో ఏమవుతుంది అమ్మాయ్?" అన్నాడు.

"మనల్ని అడక్కుండా ఏదీ చెయ్యలేరు బాబాయ్" అంది బుర్గి.

"ఇదేదో బాగుందే. ఇన్నాళ్లూ ఎక్కడుంది ఈ కాగితం?"

రెండు వందల పద్దెనిమిది సంతకాలు వచ్చాయి. పంపేముందు నేను నా ఇంట్లో బల్ల మీద పరుచుకుని చూశాను. రెండుసార్లు లెక్కపెట్టాను. పుట్టిన తేదీలు ఉన్నాయా, సంతకం కింద తేదీ ఉందా అని గీత గీత చూశాను. పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరి మొహం కనబడి సంతోషపడ్డాను కూడా. ఎగ్‌బావర్ మనవణ్ణి నాలుగేళ్లు ప్లెస్‌నిట్సర్ అని హాజరు పిలిచిన నోరు నాది. ఆ నోటితోనే "అంతా సరిగ్గా ఉంది బుర్గీ" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు నెలలకు, పథకానికి అనుమతులిచ్చే రాష్ట్ర కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. ముప్పై తొమ్మిది మంది ఓటర్ల జాబితాలో కనబడలేదు. మిగిలినవి నూట డెబ్బై తొమ్మిది. రెండు వందలకు తగ్గాయి కాబట్టి హోదా లేదు. గడువు ముగిసింది కాబట్టి సవరణకు వీల్లేదు.

కింది ఊళ్లో వాళ్లు బ్యాంకులకూ బీమాలకూ రాసి రాసి ఇంటిపేరూ వీధి పేరూ అలవాటు చేసుకున్నారు. పైగడపల వాళ్లు, అందులోనూ ముసలివాళ్లు, తమకు తెలిసిన గడప పేరూ, తీసేసిన పాత నంబరూ రాశారు. ఎవరి ఊట ఎండుతుందో సరిగ్గా వాళ్ల సంతకాలే చెల్లలేదు. నలభై ఏళ్లు ఆ పేర్లతోనే ఉత్తరాలు పంచిన మనిషి చేయించింది, ముప్పై నాలుగేళ్లు హాజరు పిలిచిన మనిషి సరిచూశాడు, ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఓటు వేసేటప్పుడు ఈ గొడవ లేదా అని మీరడగొచ్చు. లేదు. పోలింగ్ బల్ల దగ్గర కూర్చునేది హోటలావిడ. ఫెర్డి లోపలికి రాగానే ఆవిడే జాబితాలో ప్లెస్‌నిట్సర్ వెతికి గీత కొడుతుంది. ఆయన దాదాపు అరవై ఏళ్లుగా ఓటేస్తున్నాడు, జాబితాలో తన పేరు ఎలా ఉందో చూడాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

బుర్గి మా ఇంటికొచ్చి నా ఫోన్‌లోంచి ఆ కార్యాలయానికి చేసింది. స్పీకరు పెట్టింది. అవతల కుర్రది, గొంతు మర్యాదగా ఉంది.

"మేడమ్, ఆ చిరునామాలో ఆ పేరు గలవారు ఎవరూ లేరండీ."

"అమ్మా, డెబ్బై ఎనిమిదేళ్లుగా ఆయన అక్కడే ఉన్నాడు. నిన్న కూడా ఉన్నాడు. నేనే పత్రిక ఇచ్చొచ్చా."

"ఉండొచ్చండీ. జాబితా ప్రకారం లేరు."

"పుట్టిన తేదీ ఇచ్చాడుగా! ఆ తేదీన ఈ లోయలో పుట్టింది ఆయనొక్కడే. చూడు."

"మేము పేరూ చిరునామా పోలుస్తామండీ. ఎవరై ఉంటారో ఊహించడం మా పని కాదు. ఊహిస్తే మళ్లీ కంపెనీ వాళ్లు కోర్టుకెళ్తారు."

"అయితే ఒకసారి వచ్చి చూసుకో. నేనే తీసుకెళ్తా. కాఫీ ఇస్తా, రొట్టె ఇస్తా."

"మీ బాధ నాకు అర్థమైందండీ. నిజంగా. కానీ గడువు అయిపోయింది" అంది ఆ అమ్మాయి. గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆ పిల్లను తిట్టడానికి కూడా లేకుండా పోయింది. బుర్గి ఫోను పెట్టేసి, నా వంటింట్లో నిలబడి, ఏడవలేదు గానీ గిన్నెలన్నీ కడిగేసింది. శుభ్రంగా ఉన్నవి కూడా కడిగింది.

ఊళ్లో మాటలు పడాల్సి వచ్చింది. "పోస్టమ్మకే పేర్లు రావు" అని ఒకడు. "ఆనకట్టలాపే రోజులు పోయాయి బుర్గీ" అని ఇంకొకడు. ఫెర్డి మాత్రం ఆమెను ఏమీ అనలేదు. విషయం చెప్పినప్పుడు గొట్టంలోంచి తొట్టిలో పడే నీళ్లకేసి చూస్తూ, "అంటే నేను రాసింది నా పేరు కాదంటారా?" అని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా కొట్టంలోకి పోయాడు.

బహిరంగ విచారణ మా బడి వ్యాయామశాలలోనే పెట్టారు. ముందు వరసల్లో కక్షిదారులు, మెడలో కార్డులతో. వెనక తాడు కట్టి, ఆ వెనక ప్రేక్షకులు. నేను పిల్లలకు గెంతులు నేర్పిన చోట తాడు వెనక కూర్చున్నాను. కంపెనీ నిపుణుడు తెరమీద తొమ్మిది నీలం చుక్కలు చూపించాడు. బుర్గి లేచి నిలబడింది.

"అయ్యా, నలభై ఒకటి. నేను ఒక్కొక్కటీ చూపిస్తా."

అధ్యక్షుడు కళ్లజోడు మీదుగా చూశాడు. "మీరు కక్షిదారా?"

"నేను ఈ లోయ మనిషిని."

"కక్షిదారులే మాట్లాడాలండీ. దయచేసి కూర్చోండి."

"మరి వీళ్లల్లో ఎవరికీ ఊట లేదే! ఊటలున్నోళ్లంతా ఈ తాడు వెనకున్నారు!"

"కూర్చోండమ్మా." రెండోసారి అనేసరికి తలుపు దగ్గరి పోలీసు ఒక అడుగు ముందుకు వేశాడు. అతను నా శిష్యుడే. నేల చూపులు చూస్తూ వేశాడు ఆ అడుగు. బుర్గి కూర్చుంది. ఆమె అలా చెప్పిన మాట విని కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు, చూడాల్సి వచ్చినందుకు నాకు ఒళ్లు మండిపోయింది.

బయట గెర్నోట్ ఎదురొచ్చాడు. "జాబితా నాకొకసారి చూపించి ఉంటే సరిపోయేది గదా బుర్గీ. మావాళ్లు పేర్లన్నీ సరిచూసి ఇచ్చేవాళ్లు" అన్నాడు. నీళ్లు నములుతూ అన్నాడు, పాపం.

"మీరు చట్టం రాసేటప్పుడు మమ్మల్ని ఒకసారి చూసుంటే సరిపోయేది" అంది ఆమె. ఇద్దరిదీ నిజమే. ఇద్దరి నిజాలూ కలిపినా ఊట ఒక్కటి కూడా లెక్కలోకి రాలేదు.

అనుమతి వచ్చేసింది. ఆ మరుసటి వసంతంలో, మంచు కరుగుతున్న ఒక ఉదయం, నేను పాలకు దుకాణానికి వెళితే, అక్కడ మూల గదిలో బుర్గి టపా వేరుచేస్తూ కనబడింది. ముందు లావుపాటి తెల్ల కవర్ల కట్ట. చేతికిచ్చి సంతకం తీసుకోవాల్సిన రకం. మొత్తం ఇరవై రెండు. అన్నీ పైగడపలకే. పంపింది అదే కార్యాలయం.

"చదవండి మాస్టారూ" అని ఒకటి నా ముందుకు తోసింది.

ఫెర్డినాండ్ ప్లెస్‌నిట్సర్, ఎన్‌జియాన్ వీధి, 14. ఒక్క అక్షరం తప్పు లేదు. కిందది చూశాను. దాని కిందది చూశాను. లేరన్న మనుషులంతా ఇంటికొకరు చొప్పున ఉన్నారు, ఇంటిపేర్లతో, వీధులతో, పిన్‌కోడుతో. సొరంగం వాళ్ల భూముల కిందనుంచి పోతుందని తెలపడానికి అందరూ దొరికారు.

ఫెర్డి కవరు మీద బుర్గి అప్పటికే ఎర్ర పెన్నుతో రాసేసింది: ఈ చిరునామాలో ఈ పేరు గలవారు లేరు.

"భేష్!" అన్నాను. అరవై దాటిన మనిషిని, గెంతినంత పనిచేశాను. "అన్నిటి మీదా రాయి! వెనక్కి కొట్టు! లేరని చెప్పింది వాళ్లేగా, కాగితం మీద, ముద్ర వేసి! నీకెవడు తప్పు పడతాడు?"

ఆమె ఇంకో కవరు చూపించింది. అది తనకే వచ్చినది, పైన ఆమె తల్లి వదిలిన చిన్న పచ్చిక బీడుంది. చించి ఉంది. చివరి పేజీ నా చేతికిచ్చింది. నీటికి గానీ భూమికి గానీ నష్టం జరుగుతుందనుకునేవారు, ఈ కవరు అందిన నాలుగు వారాల్లోగా రాసి తెలపాలి. కవరు తీసుకోనివారికీ, దొరకనివారికీ అందినట్టే లెక్క. తెలపనివారు ఒప్పుకున్నట్టే లెక్క.

"వెనక్కి కొడితే నా కోపం తీరుద్ది" అంది. "గడువు మాత్రం ఫెర్డి బాబాయ్‌కి తీరుద్ది."

ఎర్ర రాతను నీలం పెన్నుతో అడ్డంగా కొట్టేసింది. ఒకసారి చాలదన్నట్టు నాలుగుసార్లు కొట్టింది. నలభై ఏళ్లలో కవరు మీద ఆమె కొట్టివేత అదే మొదటిది. సంచి భుజాన వేసుకుని బయలుదేరింది. నేను పాలు అక్కడే వదిలేసి, మోకాలి నొప్పితోనే వెంట నడిచాను.

ఫెర్డి తొట్టి దగ్గరే ఉన్నాడు. కవరు తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, పైనున్న పేరు పెదాలు కదుపుతూ చదివాడు. కొట్టివేత వంక కూడా చూశాడు గానీ అడగలేదు. బుర్గి సంతకం పెట్టే చిన్న మిషను చాచింది. ఆయన తడి వేలు ప్యాంటుకు తుడుచుకుని, దాని మీద ఎగ్‌బావర్ అని రాశాడు. మళ్లీ చెల్లదేమోనని నేను మిషను మీదికి వంగాను. మిషను ఒకసారి కూసి, అందినట్టు పచ్చ గుర్తు చూపించింది. దానికి ఏ పేరైనా ఒకటే.

"అయితే ఇప్పుడు నేనున్నానన్నమాటేనా అమ్మాయ్?" అన్నాడు ఫెర్డి.

"ఉన్నావు బాబాయ్. నాలుగు వారాలు ఉన్నావు" అంది బుర్గి. "లోపలికి పద. ఇవాళే రాద్దాం."